ముసలివాళ్ల వార్డు నుంచి పిలుపొస్తే

చి. సుమతికి, ఆశీస్సులు.

చెన్నైలో జనరల్ ఆసుపత్రి రిఫరల్స్, అంటే వేరే వార్డులవాళ్లు మానసిక వైద్యుల్ని పిలిపించే కేసులు, చూడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సైకియాట్రీ నీకు కొత్తగా నేర్పేదేం లేదు గానీ, ఆర్థో వార్డులో తుంటి విరిగి పడుకున్న డెబ్భై ఐదేళ్ల మనిషిని చూడడం ఓపీలో చూడడం లాంటిది కాదు. అందుకే ఈ ఉత్తరం.

'పేషెంట్ డల్‌గా ఉన్నారు, తిండి తినట్లేదు, డిప్రెషన్ ఉందేమో చూడగలరు' అని చీటీ వస్తుంది. ఆ చీటీని నమ్మకు. వెళ్లి చూస్తే చాలాసార్లు అది డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్లో మందుల వల్లో హఠాత్తుగా వచ్చే అయోమయం. కేకలు పెట్టి సెలైన్ పీకేసుకుంటే అందరూ గుర్తుపడతారు. నోరెత్తకుండా గోడవైపు తిరిగి పడుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎప్పటినుంచి ఇలా ఉన్నారు, ధ్యాస నిలుస్తోందా అన్న రెండూ తేల్చుకో. డిప్రెషన్ వారాల తరబడి ముదురుతుంది. డెలీరియం గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వచ్చి, పూటకోలా ఉంటుంది. పొద్దుటి రౌండ్లో ఒక్కసారి చూసి ఏమీ లేదని రాసెయ్యకు. సాయంత్రం మళ్లీ వెళ్లు, నైట్ డ్యూటీ సిస్టర్ రాసిన నోట్స్ చదువు.

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి వచ్చినవాళ్లు అక్కడ చాలామందే ఉంటారు. తమిళంలో అడిగితే బిక్కమొహం వేసిన ముసలమ్మకి 'ఓరియంటేషన్ లేదు' (ఎక్కడున్నదీ, ఏ వేళైందీ తెలియట్లేదు) అని కేస్ షీట్‌లో ఎక్కించేస్తారు. ఊరుగాని ఊరికి అంబులెన్స్‌లో తెస్తే ఆసుపత్రి పేరు ఆమెకెలా తెలుస్తుంది? 'ఇది ఇల్లా, ఆసుపత్రా? ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా?' అని మన మాటల్లో అడుగు. ముందు కళ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు పెట్టించు. అవి సాధారణంగా కోడలి సంచీలో భద్రంగా ఉంటాయి. తర్వాత వారాలు వెనక్కి చెప్పించు: శనివారం, శుక్రవారం, గురువారం... అది దాటితే నెలలు. ఇంగ్లీషు నెలలు రాకపోతే ఫాల్గుణం, మాఘం, పుష్యం అని వెనక్కి రమ్మను. వందలోంచి ఏడేసి తీసెయ్యమనడం బడి మొహం చూడనివాళ్ల దగ్గర పనికిరాదు. మాట్లాడే ఓపిక లేకపోతే, నాలుగు 'ఆ'లు కలిసేలా పది అక్షరాలు నిదానంగా చదువుతూ, 'ఆ' వినగానే నీ వేలు నొక్కమను. రెండుకి మించి తప్పులొస్తే ధ్యాస నిలవట్లేదన్నమాట.

తర్వాత మందుల చార్టు. దురదకి అవిల్, నిద్రకి ఫెనర్గాన్, వణుకుకి పాసిటేన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్. ఒక్కోటి ఒక్కో డాక్టరు రాసినవే. అన్నీ కలిస్తే మూత్రం బిగుస్తుంది, విరేచనం ఆగుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడు. నిండిన మూత్రాశయం రక్తపరీక్షలో కనబడదు. సోడియం, షుగర్, కాల్షియం, క్రియాటినిన్, ఆక్సిజన్, ఈసీజీ ఎలాగూ చూస్తావు. అందరూ మరిచిపోయేది ఇంటి మందులు. మనవాళ్లలో మందుల షాపులో కొన్న అల్ప్రాజోలామ్‌ని ఏళ్ల తరబడి రాత్రిపూట వేసుకునేవాళ్లున్నారు. ఆసుపత్రిలో చేరిన రోజున అది ఆగిపోతుంది, రెండు మూడు రోజుల్లో చెమటలు, వణుకు, కలవరింతలు మొదలవుతాయి. 'నిద్రమాత్ర వేసుకుంటారా' అంటే లేదంటారు. 'బీపీ బిళ్లతో పాటు చిన్న బిళ్ల ఏదైనా ఉందా' అను, డబ్బా బయటికొస్తుంది. తాగే అలవాటు గురించి కూడా, పెద్దాయన కదా అని మొహమాటపడకుండా అడుగు. ఉంటే గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ (బి1 విటమిన్) పడాలి.

రాత్రి గొడవ చేస్తే హాలోపెరిడాల్ (ఉద్రేకాన్ని అణిచే మందు) 5 మిల్లీగ్రాములు, ఫెనర్గాన్ 50 కలిపి ఇంజెక్షన్ పొడవడం క్యాజువాలిటీ అలవాటు. ముసలి ఒళ్లు దాన్ని తట్టుకోదు: మర్నాడంతా మగతలో ఉంటారు, ఆ మగతలో పట్టిన గంజి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగలు కిటికీ తెరిపించు, అర్ధరాత్రి బీపీ కోసం లేపొద్దని రాయి, అక్కర్లేని కాథెటర్ తీయించు, ఇంటివాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టు, చేతులు కట్టనివ్వకు. తనకో పక్కవాళ్లకో ప్రమాదమైతేనే హాలోపెరిడాల్, అదీ పావు నుంచి అర మిల్లీగ్రాము. ఈసీజీలో క్యూటీసీ (గుండె లయకి సంబంధించిన కొలత) 500 మిల్లీసెకన్లు దాటితే వద్దు. పార్కిన్సన్స్, లెవీ బాడీ డిమెన్షియా (ఒక రకం మతిమరుపు జబ్బు) ఉంటే అసలు ముట్టుకోకు. తప్పదంటే క్వెటియాపిన్ 12.5. లోరాజెపామ్ అయితే, తాగుడో నిద్రమాత్రలో మానేసినందువల్ల వచ్చినదానికే. మిగతా డెలీరియంలో అది అగ్నికి ఆజ్యం.

నిజంగా డిప్రెషనే అయినా దిగులుగా ఉందని పెద్దవాళ్లు చెప్పరు. తిండి సయించట్లేదంటారు, ఒళ్లంతా మంటలంటారు. 'దేవుడు తీసుకుపోతే బాగుండు' అన్నారంటే అక్కడితో ఆగకు. 'మీరుగా ఏమైనా చేసుకోవాలనిపించిందా' అని అడుగు, ఇంట్లో పురుగుమందు ఉందేమో కొడుకుని పక్కకి పిలిచి అడుగు. డిప్రెషన్ మందుల్లో, తిండి, నిద్ర రెండూ లేకపోతే రాత్రి మిర్టజాపిన్ 7.5 నయం. ఎస్సిటాలోప్రామ్ అయితే 5తో మొదలెట్టి 10 దాటకు, రెండు వారాల్లోపు సోడియం చూడు. దీనికి ఆస్పిరిన్, నొప్పి మాత్రలు కలిస్తే రక్తస్రావం భయం ఉంది. ట్రమడాల్ (నొప్పి మందు)తో, లినెజోలిడ్ (యాంటీబయాటిక్)తో కలపొద్దు.

'ఆపరేషన్ వద్దంటోంది, మతి ఉందో లేదో చెప్పండి' అనీ పిలుస్తారు. వద్దన్నంత మాత్రాన మతి పోయినట్టు కాదు, డిమెన్షియా ఉన్నంత మాత్రాన ఒప్పుకునే హక్కూ పోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లోని కొలతలు మానసిక చికిత్స కోసం రాసినవే అయినా ఇక్కడా పనికొస్తాయి: చెప్పింది అర్థమైందా, చేయించుకుంటే, మానుకుంటే ఏమవుతుందో తెలుస్తోందా, తన నిర్ణయం మాటతోనో సైగతోనో చెప్పగలుగుతోందా. ఏ నిర్ణయం గురించి, ఏ పూట చూశావో రాయి. డెలీరియం ఉండి, ఆపరేషన్ ఆగగలిగితే, తేరుకున్నాక మళ్లీ అడుగు.

నోట్ పొడుగ్గా రాయకు. సర్జన్ చదివేది మొదటి రెండు లైన్లు. ఏమిటది, ఈ రాత్రి ఏం చెయ్యాలి, ఏ మందు ఆపాలి అన్నవి అక్కడే ఉండాలి. సిస్టర్‌కి నోటితో కూడా చెప్పి రా. డిశ్చార్జ్ సమ్మరీ నువ్వే ఒకసారి చూడు: వార్డులో నాలుగు రోజులకని మొదలెట్టిన హాలోపెరిడాల్ 'కంటిన్యూ' అని ఊరికి వెళ్లిపోతుంది, అక్కడ దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆపాల్సిన తేదీ వేసి, తేరుకోవడానికి వారాలు పట్టొచ్చని కొడుక్కి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చని ఆ కాగితం మీదే రాసివ్వు.

ఉంటాను.
పెదనాన్న