డబ్బు కట్టి ఏజెన్సీ ద్వారా అప్లై చేస్తే రిమోట్ వర్క్ వీసా (వేరే దేశంలో ఉంటూ బయటి కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసుకోవడానికి ఇచ్చే వీసా) తప్పకుండా వస్తుందా?

తప్పకుండా వస్తుందని లేదు; ఏజెన్సీ ఫారాలు నింపి కాగితాలు సర్దిపెడుతుంది, నిర్ణయం మాత్రం వీసా ఇచ్చే దేశ అధికారులదే. వాళ్లు చూసేది మీ ఆదాయం, ఉద్యోగ ఒప్పందం, పోలీస్ క్లియరెన్స్ లాంటివి.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటి నుంచే విదేశీ కంపెనీకి పనిచేసే వ్యక్తి స్పెయిన్ వీసా అడిగాడనుకోండి. నెల ఆదాయం అక్కడి కనీస వేతనానికి కనీసం రెండింతలు ఉండాలి. అది తగ్గితే ఏ ఏజెంటూ పూడ్చలేడు. భార్యనూ తీసుకెళ్లాలంటే, ఒడియాలో ఉన్న పెళ్లి సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (పత్రం అసలుదేనని విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి, స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించాలి. ఈ తిరుగుడు తప్పించుకోవడానికి డబ్బిస్తే అర్థముంది.

చాలామంది పొరబడేది ఫీజు దగ్గర: వీసా రాకపోతే కట్టిందంతా వెనక్కి వస్తుందనుకుంటారు. కాన్సులేట్‌కు కట్టే వీసా ఫీజు ఏజెన్సీ ఫీజు కంటే వేరు, తిరస్కరించినా అది తిరిగి రాదు.