టాక్టికల్ ఆర్పీజీల్లో మొదటి ఆటగా దేన్ని ఎంచుకోవాలి?

కథ ప్రధానంగా సాగే రోల్ ప్లేయింగ్ ఆటలు మీకు అలవాటే గాని, గళ్ల పటం మీద పాత్రలను ఒక్కొక్కటిగా కదుపుతూ వంతులవారీగా పోరాడే టాక్టికల్ ఆర్పీజీని ఇంతవరకు ముట్టుకోలేదని రాశారు. ఎవరిని అడిగినా ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ పేరే చెబుతున్నారు కనుక దానితోనే మొదలుపెట్టవచ్చా అని అడిగారు. పోరులో చనిపోయిన పాత్ర ఇక తిరిగి రాదన్న మాట విని వెనకాడుతున్నట్టు కూడా చెప్పారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. మీ దగ్గర నింటెండో స్విచ్ ఉంటే ఫైర్ ఎంబ్లెమ్: త్రీ హౌసెస్‌ను నార్మల్ డిఫికల్టీలో, పడిపోయిన పాత్రలు పోరు ముగిశాక తిరిగి వచ్చే క్యాజువల్ మోడ్‌లో మొదలుపెట్టండి. కంప్యూటర్ మాత్రమే ఉంటే ట్రయాంగిల్ స్ట్రాటజీ తీసుకోండి. డబ్బు పెట్టకుండా ముందు రుచి చూడాలనుకుంటే బ్యాటిల్ ఫర్ వెస్నాత్ ఉంది. ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ను మాత్రం రెండో ఆటగానో మూడో ఆటగానో దాచుకోండి.

నేను చాలా ఏళ్లుగా ఈ కోవ ఆటలే ఎక్కువగా ఆడుతున్నాను. మా తమ్ముడికి, తర్వాత ఇద్దరు స్నేహితులకు పక్కన కూర్చుని నేర్పించాను కూడా. వాళ్లు ఏ ఘట్టంలో ఆటను పక్కన పెడుతున్నారో గమనిస్తూ వచ్చాను. ఓడిపోయినందుకు ఎవరూ మానేయలేదు; ఎందుకు ఓడిపోయారో అర్థం కాని చోట మానేశారు. ఈ తరహా ఆటల్లో తప్పుకీ దాని ఫలితానికీ మధ్య దూరం ఎక్కువ. రెండో వంతులో విలుకాడిని ఒక గడి ముందుకు జరిపితే అప్పటికి ఏమీ కాదు. నాలుగో వంతులో గుర్రపు రౌతులు వచ్చి అతణ్ని పడగొట్టేసరికి ఆ ఒక్క గడి సంగతి మీకు గుర్తు కూడా ఉండదు. మూడో అధ్యాయంలో ఒక పాత్రకు ఎంచిన క్లాస్ (విలుకాడు, రౌతు వంటి పోరాట వృత్తి) సరిపడలేదన్న విషయం పదో అధ్యాయం దాకా బయటపడకపోవచ్చు. అందుకని మొదటి ఆటను ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడమంటాను: పాత్రను కదపకముందే రాబోయే దెబ్బను ఆట ఎంతవరకు చూపిస్తుంది, కదిపాక తప్పని తెలిస్తే వెనక్కి తీసుకోవడానికి ఎంత వీలిస్తుంది. గ్రాఫిక్స్, సంగీతం, పేరు ప్రతిష్ఠలు ఆ తర్వాతి మాట.

2019లో వచ్చిన త్రీ హౌసెస్ ఈ రెండు విషయాల్లోనూ ఉదారంగా ఉంటుంది. మీ పాత్రను ఒక గడి మీదికి తీసుకెళ్లి, ఇంకా ఖరారు చేయకముందే, ఏయే శత్రువులు ఎవరి మీద గురి పెట్టబోతున్నారో ఎర్రటి గీతలు చూపిస్తాయి. శత్రువులందరి దెబ్బ ఎక్కడెక్కడిదాకా అందుతుందో పటం మీద రంగు పరిచి చూసుకునే సదుపాయమూ ఉంది. దాడికి ముందు మన దెబ్బ ఎంత, అది తగిలే అవకాశం ఎంత, ఎదుటివాడు తిరిగి కొడితే మనకు ఎంత పోతుంది అన్న లెక్క అంతా కళ్ల ముందు ఉంటుంది. ఇన్ని చూసుకున్నాక కూడా పొరపాటు జరిగితే డివైన్ పల్స్ అనే శక్తితో కాలాన్ని వెనక్కి తిప్పవచ్చు. ఒక్కో పోరులో దాన్ని కొన్నిసార్లే వాడుకోనిస్తారు గాని, తిప్పినప్పుడు జరిగిన కదలికలన్నీ వరుసగా కనిపిస్తాయి, వాటిలో మీకు కావలసిన చోటికి వెళ్లవచ్చు.

ఈ శక్తి విలువ పాత్రల ప్రాణాలు కాపాడటంలో కన్నా ఆటగాడికి పాఠం నేర్పడంలో ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను. మా తమ్ముడు మొదట్లో దెబ్బ పడిన క్షణం దాకా మాత్రమే వెనక్కి తిప్పేవాడు. మళ్లీ అదే దాడి చేస్తే మళ్లీ అదే ఫలితం వచ్చేది, ఎందుకంటే ఈ ఆటలో కాలం వెనక్కి తిప్పినంత మాత్రాన పాచికలు మారవు. అదే పని తిరిగి చేస్తే అదే జరుగుతుంది. కొన్నాళ్లకు వాడు అంతకు ముందు వంతులో హీలర్‌ను, అంటే గాయాలు మాన్పే పాత్రను, ఎక్కడ నిలబెట్టాడో అక్కడిదాకా వెళ్లి, అక్కడి నుంచి వరుస మార్చడం మొదలుపెట్టాడు. తప్పు దెబ్బ దగ్గర లేదని, నిలబెట్టిన చోట ఉందని వాడికి నేను చెప్పనక్కర లేకపోయింది.

ఇక మీరు భయపడుతున్న శాశ్వత మరణం సంగతి. 1990లో నింటెండో వారి పాత గేమ్ యంత్రం ఫామికామ్ మీద వచ్చిన తొలి ఫైర్ ఎంబ్లెమ్ నుంచీ ఈ శ్రేణికి అది గుర్తింపు చిహ్నం లాంటిది. పోరులో పడిపోయిన సైనికుడు కథలో నుంచే వెళ్లిపోతాడు. 2010లో నింటెండో వారి చేతి యంత్రం డీఎస్ మీద వచ్చిన భాగంతో క్యాజువల్ మోడ్ ప్రవేశించింది. అందులో పడిపోయినవారు ఆ పోరు ముగిశాక తిరిగి వస్తారు. పాత ఆటగాళ్లు చాలామంది శాశ్వత మరణం ఉండే క్లాసిక్ మోడ్‌లోనే అసలు రుచి ఉందంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది, నేను ఇప్పుడు ఆడేది కూడా క్లాసిక్‌లోనే. అయినా మొదటిసారికి దాన్ని సిఫార్సు చేయను. కొత్తవారు క్లాసిక్‌లో ఒక పాత్ర పోగానే దాదాపు ఎప్పుడూ పోరు మొత్తాన్ని మొదటి నుంచి ఆడతారు. రెండు మూడు సార్లు అలా అయ్యాక ఎవరినీ ముందుకు పంపకుండా ఒక మూల నక్కి కూర్చునే ఆట అలవడుతుంది. ఆ అలవాటు పోగొట్టుకోవడం కష్టం. క్యాజువల్‌లో ఒక పాత్రను కోల్పోయినా పోరు సాగించగలరు కనుక, తెగించి ముందుకు వెళ్లడం ఎప్పుడు లాభమో కూడా తెలుస్తుంది. త్రీ హౌసెస్‌లో క్లాసిక్ నుంచి క్యాజువల్‌కు మధ్యలో మారవచ్చు, అటు నుంచి ఇటు మారడం కుదరదు. రెండోసారి ఆడేటప్పుడు క్లాసిక్ తీసుకోండి. అప్పటికి పాత్రల మీద మమకారం ఏర్పడి ఉంటుంది కాబట్టి ఆ నష్టానికి అర్థం ఉంటుంది.

ఒక ఇబ్బంది కూడా ముందే చెప్పాలి. త్రీ హౌసెస్‌లో మీరు సైనిక విద్యాలయంలో ఉపాధ్యాయులు. పోరుకూ పోరుకూ మధ్య ఆ విద్యాలయం ఉన్న మఠంలో తిరుగుతూ విద్యార్థులతో మాట్లాడటం, కలిసి భోజనం చేయడం, పాఠాలు ఏర్పాటు చేయడం చాలా సమయం తీసుకుంటాయి. కథాప్రధానమైన ఆటలు ఇష్టపడే మీకు ఇది నచ్చుతుందనే అనుకుంటున్నాను. నచ్చకపోతే 2023లో వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ ఎంగేజ్ ఉంది. దాని కథ పలుచన, పోరు మాత్రం చిక్కన. కత్తి గొడ్డలి మీద, గొడ్డలి ఈటె మీద, ఈటె కత్తి మీద పైచేయి అన్న త్రికోణం అందులో ఉంది. పైచేయి ఉన్న ఆయుధంతో కొడితే శత్రువు ఆయుధం జారిపోయి కాసేపు తిరిగి కొట్టలేడు. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని తర్వాత పంపాలి అన్న క్రమం నేర్చుకోవడానికి ఇంత సూటిగా ఉపయోగపడిన పద్ధతిని నేను మరో ఆటలో చూడలేదు. కాలం వెనక్కి తిప్పే వీలు అందులోనూ ఉంది.

తగిలే అవకాశాన్ని చూపించే శాతాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారికి ఆట మోసం చేస్తోందన్న అనుమానం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఫైర్ ఎంబ్లెమ్ శ్రేణిలో 2002 నాటి భాగం మొదలుకొని చాలా వాటిలో ఆట ఒక అంకెకు బదులు రెండు అంకెలను యాదృచ్ఛికంగా తీసి, వాటి సగటు తెర మీది శాతం కన్నా తక్కువైతే దెబ్బ తగిలినట్టు లెక్కిస్తుంది. అందువల్ల తెర మీద 90 అని ఉంటే నిజానికి తగిలే అవకాశం 98 శాతానికి పైనే ఉంటుంది, 75 అని ఉంటే దాదాపు 88 ఉంటుంది, 30 అని ఉంటే 18 దగ్గరికి పడిపోతుంది. పెద్ద అంకెను నమ్మవచ్చు, చిన్న అంకెను పట్టించుకోనక్కర లేదు అన్న మన సహజమైన అంచనాకు ఇది బాగా దగ్గరగా ఉంటుంది. 2012 నాటి ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ వంటి ఆటలో అలాంటి మెత్తదనం ఆశించకూడదు. అక్కడ 95 శాతం గురి అంటే ఇరవై తూటాల్లో ఒకటి తప్పేదే, తప్పిన తూటాకు బదులుగా మీ సైనికుడు శాశ్వతంగా పోవచ్చు. పైగా చీకట్లో ఒక అడుగు ఎక్కువ వేస్తే అంతవరకు కనబడని శత్రు గుంపు మేలుకుంటుంది. నాకు ఎంతో ఇష్టమైన ఆట అది, కానీ సంభావ్యతతో స్నేహం కుదిరాకే దాని దగ్గరికి వెళ్లడం మంచిది. ఇంట్లో చిన్నపిల్లలతో కలిసి ఆడాలనుకుంటే 2017 నాటి మారియో ప్లస్ రాబిడ్స్: కింగ్‌డమ్ బ్యాటిల్‌లో ఈ గొడవే లేదు, గోడ చాటున ఎంత దాక్కున్నారన్న దాన్ని బట్టి తగిలే అవకాశం 0, 50, 100 అన్న మూడే అంకెల్లో ఉంటుంది.

ట్రయాంగిల్ స్ట్రాటజీ 2022లో మొదట స్విచ్ మీద, అదే ఏడాది కంప్యూటర్ మీద వచ్చింది. ఇందులో శాశ్వత మరణం లేదు. ఎవరి తర్వాత ఎవరి వంతు వస్తుందో తెర అడుగున వరుసగా కనిపిస్తుంది. ఓడిపోయినా అంతవరకు సంపాదించిన అనుభవం మీ పాత్రలకే ఉంటుంది కనుక, తిరిగి అదే పోరుకు దిగేటప్పుడు కాస్త బలపడి దిగుతారు. ఎత్తైన గడి మీద నుంచి వేసిన బాణానికి బలం ఎక్కువ. శత్రువుకు అటూ ఇటూ మీవాళ్లిద్దరు నిలబడితే ఒకరు కొట్టిన వెంటనే రెండోవారు కూడా కొడతారు. స్థానమే బలం అన్న ఈ జాతి ఆటల మూలసూత్రం రెండు పోరుల్లోనే ఒంటబడుతుంది. తొలి గంటల్లో సంభాషణలు మాత్రం చాలా ఎక్కువ. రాజ్యాల మధ్య రాజకీయం మీద ఆసక్తి లేనివారికి ఆ భాగం దాటడం కష్టమే.

బ్యాటిల్ ఫర్ వెస్నాత్ ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. షట్కోణాల గళ్లు, పాతకాలపు బొమ్మలు చూసి తక్కువ అంచనా వేయకండి. పగలూ రాత్రీ మారే కొద్దీ బలాలు మారుతాయి: ధర్మపక్షపు సైనికులకు పగలు 25 శాతం బలం పెరిగి రాత్రి అంతే తగ్గుతుంది, ఓర్క్‌ల వంటి వారికి అది తలకిందులుగా ఉంటుంది. కాబట్టి ఎక్కడ పోరాడాలి అన్న ప్రశ్నతో పాటు ఎప్పుడు పోరాడాలి అన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది. కొత్తవారి కోసం ఎ టేల్ ఆఫ్ టూ బ్రదర్స్ అనే చిన్న కథ ఉంది, అందులో నాలుగే ఘట్టాలు. చచ్చినవారు తిరిగి రారు గాని, ప్రతి వంతుకూ ఆట తనంతట తానే సేవ్ అవుతుంది కాబట్టి వెనక్కి వెళ్లవచ్చు. నడిమి ఘట్టాల్లో అదృష్టం వికటిస్తే మాత్రం ఓపిక పట్టాలి.

ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ను ఎందుకు వెనక్కి నెట్టానో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఆ ఆట కథ, వృత్తుల అమరిక ఈనాటికీ నిలబడతాయి. కానీ ఒక పాత్ర నేర్చుకున్న వృత్తిలోని నైపుణ్యాన్ని మరో వృత్తిలోకి తీసుకెళ్లి కలపడమే అక్కడ అసలు ఆట. ఏది దేనితో కలుస్తుందో తెలియని కొత్తవారికి ఆ విస్తారమే భారమవుతుంది. మంత్రం వేయడం మొదలుపెట్టిన క్షణానికీ అది పడే క్షణానికీ మధ్య గడువు ఉంటుంది, ఆలోపు శత్రువు పక్కకు తప్పుకోవచ్చు. పాత వెర్షన్‌లో రియోవేన్స్ కోట దగ్గర వరుస పోరుల మధ్య ఒకే స్లాట్‌లో సేవ్ చేసుకున్నవారు, బలం చాలక, వెనక్కి పోయి లెవెల్స్ పెంచుకునే దారి కూడా లేక ఇరుక్కుపోయేవారు. 2025 సెప్టెంబరులో ది ఇవాలీస్ క్రానికల్స్ పేరుతో వచ్చిన కొత్త వెర్షన్‌లో డిఫికల్టీ ఎంపిక, ఆటోసేవ్ చేర్చారు. ఆడే రోజు వచ్చినప్పుడు దాన్నే తీసుకోండి, సేవ్‌లు మాత్రం వేర్వేరు స్లాట్లలో పెట్టుకోండి.

ఏ ఆట తీసుకున్నా తొలి పోరుల్లో మూడు నాలుగు పనులు చేస్తే దారి సులువవుతుంది. వంతు మొదట్లోనే శత్రువుల దెబ్బ అందే పరిధిని చూసుకుని, గట్టి కవచం ఉన్న ఒక్కరినే ఆ పరిధి లోపల, మిగిలినవారిని దాని అంచు బయట నిలపండి. అప్పుడు శత్రువులు ఆ గట్టివాడి మీదికే వస్తారు, తర్వాతి వంతులో మీవాళ్లంతా కలిసి వాళ్లను పట్టుకోవచ్చు. దెబ్బలను అందరికీ తలా కొంచెం పంచకండి: ఈ ఆటల్లో దాదాపు అన్నిటిలోనూ ప్రాణం ఒక్క పాయింటే మిగిలిన శత్రువు కూడా నిండు ఆరోగ్యంతో ఉన్నవాడంత గట్టిగానే కొడతాడు, అందుకే ముగ్గురిని గాయపరచడం కన్నా ఒకరిని పూర్తిగా తొలగించడం మేలు. అనుభవం విషయంలో కూడా అంతే. ఎదురైన ప్రతి పాత్రనూ పెంచాలని చూడకుండా ఎనిమిది పదిమందితో ఒక జట్టు ఖాయం చేసుకుని, వారిలో ఇద్దరు హీలర్లు ఉండేలా చూసుకోండి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు పడిన పోరులో ఇక కోలుకునే మార్గం ఉండదు.