పిల్లల తలలో పేనుకొరుకుడుకు స్టెరాయిడ్ లోషన్ వాడవచ్చా?

మీ పదేళ్ల బాబు తలలో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయాయనీ, డాక్టరు రాసిన లోషన్ స్టెరాయిడ్ అని మందుల షాపులో చెప్పగానే భయపడి పక్కన పెట్టారనీ, ఇంట్లో పెద్దలు గురివింద గింజ అరగదీసి పూయమంటున్నారనీ రాశారు. మిర్యాలగూడలో ఉంటున్న మాకు మా అమ్మాయి విషయంలో సరిగ్గా ఇదే సందేహం వచ్చింది.

ముందు గురివింద సంగతి. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఆ ముద్ద పిల్లవాడి నోటికో కంటికో తగిలే ప్రమాదం ఉంది కనుక దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మా నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ పురుగు తినడం వల్లే ఇలా అవుతుందని నమ్ముతారు. కానీ ఒంట్లోని రక్షణ కణాలే వెంట్రుకల కుదుళ్లను పరాయివిగా ఎంచి చుట్టుముట్టడం వల్ల ఇది వస్తుంది. కుదురు చచ్చిపోదు కాబట్టి వెంట్రుక మళ్లీ మొలిచే అవకాశం ఉంటుంది. ఇలా వెంట్రుకలు ఊడిన చిన్న మచ్చ ఒకటో రెండో ఉన్నవారిలో చాలామందికి ఏడాదిలోపు మందు లేకుండానే మొలుస్తుంది కూడా.

స్టెరాయిడ్ చేసే పని ఆ దాడిని మచ్చ ఉన్న చోటే అణచడం. పెద్దవాళ్లకైతే ట్రయామ్సినొలోన్ మందును సన్నని సూదితో మచ్చలోకే ఎక్కిస్తారు. పిల్లలు ఆ నొప్పి ఓర్చుకోలేరు కనుక సాధారణంగా పూతమందుతో మొదలుపెడతారు. మా అమ్మాయికి రాసింది క్లోబెటసాల్ 0.05 శాతం లోషన్. ఇది పూతమందుల్లో అత్యంత బలమైన వర్గానికి చెందినది కాబట్టి మీ భయం అర్థం లేనిది కాదు, అయితే ఆ భయానికి మందు మానేయడం కన్నా గడువు పాటించడమే సరైన జవాబని నా అభిప్రాయం. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో పిల్లలకు ఈ మందునే 6 వారాలు పూసి, 6 వారాలు ఆపి, మళ్లీ పూశారు. తక్కువ బలమున్న స్టెరాయిడ్ అయిన 1 శాతం హైడ్రోకార్టిసోన్ కన్నా ఇదే మెరుగ్గా పనిచేసింది. మా డాక్టరు కూడా మధ్యలో విరామం ఇచ్చే పద్ధతినే చెప్పారు. మచ్చ మీద, దాని అంచున మాత్రమే పలుచగా రాసేవాళ్లం. నుదుటి మీదికీ కళ్లలోకీ కారకుండా చూసుకునేవాళ్లం. ఒక దశలో అక్కడ చిన్న మొటిమల్లాంటివి లేస్తే, డాక్టరును అడిగి కొన్నాళ్లు ఆపాం. చర్మం పలుచబడినా, ఎర్రని సన్న నరాలు కనిపించినా అలాగే వెంటనే చూపించాలి.

మందు మొదలుపెట్టే ముందు అది తామర కాదని డాక్టరు తేల్చారో లేదో తప్పక అడగండి. తలలో తామర ఉన్నప్పుడు స్టెరాయిడ్ పూస్తే అది ఇంకా పాకుతుంది. ఈ కారణంగానే షాపులో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడ్ కలిసిన మిశ్రమ క్రీముల జోలికి పోవద్దు.

ఫలితం కోసం నెలల తరబడి ఆగాల్సి వస్తుంది. మా అమ్మాయికి మొదట నూగులాంటి తెల్లని వెంట్రుకలు వచ్చి, తర్వాత నల్లబడ్డాయి. ఒకటి మానుతుండగా మరో చోట ఊడింది. ఈ జబ్బులో అలా జరగడం మామూలే. మచ్చలు వేగంగా పెరిగినా, కనుబొమలు రాలినా డాక్టరు మళ్లీ రమ్మన్న రోజు దాకా ఆగకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఇది అంటువ్యాధి కాదని బడిలో టీచరుకు మీరే స్వయంగా చెప్పండి, బాబును వేరే బెంచీలో కూర్చోబెట్టకుండా ఉంటారు.