రగ్బీ కుర్రాడి ఎన్‌ఎఫ్‌ఎల్ కల: తులూజ్ నుంచి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మేం కాకినాడ వాళ్లం. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో స్థిరపడ్డాం. మావారు విమానాల తయారీ రంగంలో ఇంజినీరు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఫ్రెంచ్ పౌరసత్వం ఉంది. వయసు 17. లీసేలో ప్రీమియర్, అంటే మన ఇంటర్ మొదటి ఏడాది చదువుతున్నాడు. మార్కులు 20కి 13, 14 వస్తాయి. ఎత్తు 189 సెంటీమీటర్లు, బరువు 101 కిలోలు. చిన్నప్పటి నుంచీ రగ్బీ ఆడాడు. రెండేళ్ల క్రితం అమెరికన్ ఫుట్‌బాల్‌కి మారి లైన్‌బ్యాకర్‌గా, అంటే డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడి ఆడుతున్నాడు. ఇప్పుడు ఆ ఆటకు అమెరికాలో ఉన్న ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడతాను, అమెరికా పంపండి అంటున్నాడు. అక్కడి యూనివర్సిటీలో సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంట్ 9,000 యూరోలు అడుగుతున్నాడు. మావారేమో ఇక్కడే ఇంజినీరింగ్ చేయాలంటారు. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడేమోనని ఆయన భయం. ఊళ్లో మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా తలకాయలు బద్దలు కొట్టుకునే ఆట ఎందుకమ్మా అంటారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మీ అబ్బాయిని ఆడనివ్వండి. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్ కోసం పంపకండి, డిగ్రీ కోసం పంపండి. ఆ డిగ్రీ చదివే చోట మంచి జట్టు ఉండేలా చూడండి. అది కూడా అమెరికాలో కాకుండా కెనడాలోని క్యుబెక్‌లో వెతకమంటాను. ఎందుకో చెబుతాను.

ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధన ప్రకారం హైస్కూలు ముగిసి మూడేళ్లయితే గానీ ఏ ఆటగాడినీ డ్రాఫ్టులోకి, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక ఎంపికలోకి తీసుకోరు. అంటే మీ అబ్బాయికి 21 ఏళ్లు వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోదు. కాబట్టి ఈరోజు మీ ఇంట్లో తేలాల్సింది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడతాడా లేదా అన్నది కాదు. 18 నుంచి 22 ఏళ్ల దాకా ఎక్కడ చదువుతాడు, ఏం చదువుతాడు అన్నది. ఈ మాట తండ్రీ కొడుకులిద్దరికీ చెప్పండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

అవకాశాల సంగతి. డ్రాఫ్టు అర్హత ఉన్న అమెరికన్ కాలేజీ ఆటగాళ్లలోనే ప్రొఫెషనల్ స్థాయికి చేరేది 100కి దాదాపు ఇద్దరే అని అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ స్వయంగా చెబుతుంది. వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచీ ఈ ఆటలో పెరిగినవాళ్లు. ఒక జట్టులో ఉండేది 53 మంది, సాధన కోసం ఉంచుకునే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో మరో 16 మంది.

అయితే విదేశీ కుర్రాళ్ల కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ 2017లో ఇంటర్నేషనల్ ప్లేయర్ పాత్‌వే అనే దారి తెరిచింది. ఎంపికైన కొద్దిమందికి ఫ్లోరిడాలో కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి జట్ల ముందు నిలబెడతారు. 2024 నుంచి మొత్తం 32 జట్లకూ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఒక విదేశీ ఆటగాడి కోసం అదనంగా చోటు ఇచ్చారు. మీ అబ్బాయి ఆశ పెట్టుకున్నది బహుశా దీని మీదే. 2024 సీజన్‌లో ప్రాక్టీస్ స్క్వాడ్ కొత్త ఆటగాడికి వారానికి కనీసం 12,500 డాలర్లు ఇచ్చారు. డబ్బు మంచిదే, కానీ ఆ ఉద్యోగం వారానిది. మంగళవారం పిలిచి ఇక చాలు అంటే సూట్‌కేసు సర్దుకోవాల్సిందే.

ఈ దారిలో నడిచిన ఇద్దరి కథలు మీ అబ్బాయికి తెలిసే ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడమనండి. జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడిన కుర్రాడు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే 2018 డ్రాఫ్టు చివరి రౌండులో ఫిలడెల్ఫియా ఈగిల్స్ తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో అదే జట్టుతో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. రెండో అతను వేల్స్ రగ్బీ స్టార్ లూయిస్ రీస్ జామిట్. మెరుపు వేగం, ప్రపంచమంతా తెలిసిన పేరు. 2024 జనవరిలో రగ్బీ వదిలి అమెరికా వెళ్లాడు. కాన్సస్ సిటీ, ఆ తర్వాత జాక్సన్‌విల్ జట్లలో ఉన్నా సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. 2025 వేసవిలో తిరిగి రగ్బీకి వచ్చేశాడు.

తేడా ప్రతిభలో లేదు. మైలాటా ఎత్తు 203 సెంటీమీటర్లు, బరువు 160 కిలోలకు పైనే. అంత శరీరం అంత చురుగ్గా కదలడం అమెరికాలోనూ అరుదు, అందుకే జట్టు ఓపిక పట్టి నేర్పింది. రీస్ జామిట్ లాంటి వేగం ఉన్నవాళ్లు మాత్రం అక్కడి ప్రతి రాష్ట్రంలోనూ దొరుకుతారు, పైగా వాళ్లకు ఆట వచ్చు. మీ అబ్బాయికి 17 ఏళ్లకే 101 కిలోలంటే మంచి ఒళ్లే. కానీ లైన్‌బ్యాకర్ స్థానం గురించి నాకు సందేహం ఉంది. బంతి కదిలిన అర సెకనులో ఎదుటివాళ్ల వ్యూహం పసిగట్టాలి. అది చిన్నప్పటి నుంచి వేల సార్లు చూస్తేనే వచ్చే చూపు. ఆలస్యంగా మొదలుపెట్టిన యూరప్ కుర్రాళ్లు ఎక్కువగా నిలదొక్కుకునేది లైన్ స్థానాల్లో, అంటే ముందు వరుసలో. ఆ వరుస చివర నిలబడే డిఫెన్సివ్ ఎండ్‌గానో టైట్ ఎండ్‌గానో ఈ సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడించమని కోచ్‌ని అడగమనండి. రగ్బీలో నేర్చిన టాక్లింగ్ (ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టడం), చేతుల బలం అక్కడే అక్కరకొస్తాయి.

ఇక చదువు గుండా వెళ్లే దారికి సాక్ష్యం ఫ్రాన్స్‌లోనే ఉంది. మీకు పశ్చిమాన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న బియారిట్జ్ నుంచి రిషార్ తార్దీ అనే రగ్బీ కుర్రాడు 1980లలో జార్జియా యూనివర్సిటీకి వెళ్లాడు. స్కాలర్‌షిప్ లేదు, ఆట రాదు. జట్టులో చోటు అడిగి, అక్కడే నేర్చుకుని, ఎదుటి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌లను పడగొట్టడంలో ఆ యూనివర్సిటీ రికార్డు సొంతం చేసుకున్నాడు. 1989 డ్రాఫ్టు ఐదో రౌండులో ఫీనిక్స్ కార్డినల్స్ ఎంచుకుంది, తర్వాత న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కి ఆడాడు. ఆ తర్వాతి తరాల్లో పారిస్ కుర్రాడు ఆంథొనీ మహుంగూ పర్డ్యూ యూనివర్సిటీలో ఆడి 2018లో ఈగిల్స్ శిబిరం దాకా వెళ్లాడు, సీజన్ జట్టులో చోటు దక్కలేదు. నీస్‌కి చెందిన జూనియర్ అహో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో ఆడి 2023లో మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఫ్రాన్స్ క్లబ్బు నుంచి నేరుగా ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లలేదు. అందరూ యూనివర్సిటీ గుండానే వెళ్లారు. మీ వారికి ఇది చూపించండి. ఆయన అడుగుతున్న చదువూ, అబ్బాయి అడుగుతున్న ఆటా ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

మరి ఏ యూనివర్సిటీ? అమెరికాలో ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ స్కాలర్‌షిప్ వస్తే కళ్లకద్దుకుని వెళ్లాలి. రాకపోతే జాగ్రత్త. మూడో డివిజన్ కాలేజీల్లో ఆట కోసం స్కాలర్‌షిప్పులే ఉండవు. చాలాచోట్ల వాకాన్‌గా రమ్మంటారు, అంటే జట్టులోకి రానిస్తారు, ఫీజు మాత్రం మీరే కట్టుకోవాలి. అది ఏడాదికి 40, 50 వేల డాలర్లు దాటిపోవచ్చు. పిలుపు వచ్చిందని పిల్లాడు ఎగిరి గంతేస్తాడు, ఏ రకం పిలుపో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవాల్సింది మీరు.

క్యుబెక్ సంగతి వేరు. అక్కడి చదువు మీ అబ్బాయి చదివిన భాషలోనే ఉంటుంది. ఫ్రాన్స్, క్యుబెక్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం వల్ల ఫ్రెంచ్ పౌరులకు యూనివర్సిటీ డిగ్రీ ఫీజు మిగతా విదేశీ విద్యార్థుల కంటే చాలా తక్కువ. యూనివర్సిటీకి ముందు చదివే సెజెప్ కాలేజీల్లో అయితే స్థానిక విద్యార్థులతో సమానం. ఆ పాస్‌పోర్టు విలువ ఇక్కడ తెలుస్తుంది. లావల్ యూనివర్సిటీ జట్టు రూజ్ ఎ ఓర్ కెనడా యూనివర్సిటీ టైటిల్ వనియే కప్‌ను పదిసార్లకు పైగా గెలిచింది. మాంట్రియల్ యూనివర్సిటీ కారబాన్స్ కూడా ఆ కప్పు గెలిచిన జట్టే. ఫ్రాన్స్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఈ కాలేజీ జట్లలో కొత్తేమీ కాదు. నాలుగేళ్ల తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ పిలవకపోయినా కెనడా లీగ్ సీఎఫ్‌ఎల్ ఉంది, అందులో విదేశీయుల కోసం 2019 నుంచి ప్రత్యేక కోటా నడుస్తోంది. అక్కడి ఆటలో మైదానం 110 గజాలు, జట్టుకు 12 మంది, మూడే డౌన్లు (బంతిని ముందుకు తీసుకెళ్లడానికి ఇచ్చే ప్రయత్నాలు). అమెరికా ఆటకు కొంచెం తేడా, అలవాటు పడొచ్చు.

మీ వారికి మరో పేరు చెప్పండి, లోరాన్ దువెర్నే తార్దిఫ్. మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతూ ఫుట్‌బాల్ ఆడాడు. 2014 డ్రాఫ్టులో కాన్సస్ సిటీ తీసుకుంది. ఆటలో ఉండగానే చదువు పూర్తి చేసి 2018లో డాక్టరయ్యాడు. 2020 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ఆ ఏడాదే కోవిడ్ వస్తే సీజన్ వదులుకుని వృద్ధుల ఆరోగ్య కేంద్రంలో పనిచేశాడు. అందరూ అలా కాలేరు, నిజమే. కానీ చదువు, ఆట ఒకదానికొకటి శత్రువులు కావని ఇంతకంటే ఎవరు చెప్పగలరు?

ఇక ఏజెంట్. 9,000 యూరోలు ఇవ్వకండి. సీటు ఇచ్చేది కోచ్, కోచ్ చూసేది వీడియో. ఆ వీడియో మీ అబ్బాయే ఇంట్లో కూర్చుని హడ్ల్ అనే క్రీడా వీడియోల వెబ్‌సైట్‌లో తయారు చేయగలడు. మొదట పేరు, జెర్సీ నంబరు, స్థానం, ఎత్తు, బరువు, లీసే పూర్తయ్యే సంవత్సరం. ప్రతి ఆటకూ ముందు తన మీద బాణం గుర్తు పెట్టాలి, లేకపోతే 22 మందిలో ఎవరిని చూడాలో తెలియదు. అన్నిటికంటే మంచి ఆట మొట్టమొదట రావాలి. రోజూ ఇలాంటివి బోలెడు చూసే కోచ్ అర నిమిషంలో నచ్చకపోతే మూసేస్తాడు. పాటలు, స్లోమోషన్లు వద్దు. మూడు నాలుగు నిమిషాల ముక్కతో పాటు ఒకటి రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు ఇవ్వాలి, ఎందుకంటే ఓడిపోతున్నప్పుడు కూడా పరుగెత్తుతున్నాడా లేదా అన్నది పూర్తి మ్యాచ్‌లోనే కనిపిస్తుంది. దీన్ని క్యుబెక్ కోచ్‌లకు ఫ్రెంచ్‌లో, అమెరికా కోచ్‌లకు ఇంగ్లీషులో, తనే రాసిన ఈమెయిల్‌తో పంపాలి. మీరు రాయకండి. అమ్మ రాసిన ఉత్తరాన్ని కోచ్‌లు ఇట్టే గుర్తుపడతారు.

మీరు చేయాల్సిన పని వేరే ఉంది. త్రోయిసియెమ్, అంటే తొమ్మిదో తరగతి నుంచి వచ్చిన మార్కుల బులెటిన్లన్నీ ఒక ఫైలులో పెట్టండి. ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌కి తొమ్మిదో తరగతి నుంచి 16 ముఖ్యమైన సబ్జెక్టు కోర్సుల మార్కులు లెక్కిస్తారు. ఇంకో హెచ్చరిక, ఏ క్లబ్బు నుంచీ జీతంలాంటిది తీసుకోనివ్వకండి, ఎన్‌సీఏఏ అర్హతకు చిక్కు వస్తుంది. లీసే అయ్యాక క్లబ్బులో ఆడుతూ ఏళ్లు గడిపినా అర్హత కాలం తరిగిపోతుంది.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. ఆవిడ అడిగింది ఈ ఉత్తరంలోకెల్లా ముఖ్యమైన ప్రశ్న. 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చనిపోయిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్లను దానం చేశాయి కాబట్టి ఆడిన ప్రతివాడికీ వస్తుందని దీని అర్థం కాదు. కానీ ముప్పు నిజం, ఆడిన ఏళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. రగ్బీలోనూ ఈ ముప్పు ఉందన్నది మీకు తెలిసే ఉంటుంది. ఏ జట్టుతో మాట్లాడినా, తలకు దెబ్బ తగిలాక ఆటగాడిని తిరిగి మైదానంలోకి పంపే నిర్ణయం ఎవరిది అని అడగండి. డాక్టరుది అనాలి. కోచ్‌ది అని వస్తే ఆ జట్టు వద్దు. మీ అబ్బాయితో కూడా ఒక ఒప్పందం చేసుకోండి, తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా దాచకూడదని. ఈ వయసు కుర్రాళ్లు చోటు పోతుందని దాచిపెడతారు, నాకు ఎక్కువ భయం అక్కడే. ఆటంటే ప్రాణం గానీ దెబ్బలు వద్దనుకుంటే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. టాక్లింగ్ ఉండదు, జట్టుకు ఐదుగురు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో చేర్చారు. 101 కిలోల ఒంటికి అది అంత నప్పదు, అయినా తెలిసి ఉండడం మంచిది.

మీ వారి ఇంజినీరింగ్ కోరికను పక్కన పెట్టమని నేను చెప్పను. వచ్చే ఏడాది లీసే చివరి తరగతి టెర్మినల్‌లో ఉండగా జనవరి నుంచి మార్చి దాకా ఫ్రాన్స్ ఉన్నత విద్య ప్రవేశాల వెబ్‌సైట్ పార్కూర్‌సుప్‌లో ఎలాగూ దరఖాస్తు చేయాలి. అందులో తులూజ్ ఇన్సా లాంటి ఇంజినీరింగ్ స్కూళ్లూ, క్రీడా శాస్త్రాల డిగ్రీ స్టాప్స్ కూడా పెట్టించండి. 13, 14 మార్కులతో ఇన్సా కష్టం, లెక్కలు, ఫిజిక్స్ పెరగాలి. అబ్బాయికి ఆట మీద ఉన్న కోరికనే ఇందుకు వాడుకోండి, క్యుబెక్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటుకు కూడా అవే మార్కులు కావాలి. పార్కూర్‌సుప్‌లో ఒక ఏడాది విరామం కోరే వీలుంది, కానీ ఆ ఏడాదిని ఖాళీగా క్లబ్బు ఆటకు ఖర్చు చేయనివ్వకండి.

ఈ వేసవిలోనే వీడియో పూర్తి చేయించి సెప్టెంబరు నాటికి ఓ 20 మంది కోచ్‌లకు పంపించండి. క్యుబెక్‌కి ప్రాంతీయ ప్రభుత్వ అంగీకార పత్రం, కెనడా స్టడీ పర్మిట్ రెండూ కావాలి, వాటికి నెలలు పడుతుంది. ఫిబ్రవరి నాటికి ఎవరు ఏం రాశారో ముగ్గురూ టేబుల్ ముందు పెట్టుకుని చూడండి. ఒక్క కోచ్ కూడా స్పందించకపోతే అదే జవాబు, అప్పుడు తులూజ్‌లో చదువుకుంటూ వారాంతాల్లో ఆడతాడు. స్పందన వస్తే ఆ ఉత్తరాల కాపీలు నాకు పంపండి, ఫీజు, స్కాలర్‌షిప్, వైద్య బీమా గురించి ఏం రాశారో చదివి చెబుతాను.