వీసాలో పుట్టిన తేదీ తప్పుపడింది, తరగతులేమో దగ్గరపడ్డాయి

ప్రశ్న (సంక్షిప్తంగా): మాది నర్సంపేట. మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ పూర్తిచేసింది. అమెరికాలోని టెక్సాస్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా స్టాంప్ అయి పాస్‌పోర్ట్ నిన్ననే చేతికందింది. అందులో సొంత పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడింది, పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయింది. ఇది మార్పించాలంటే ఎంత కాలం పడుతుందో తెలియడం లేదు. పుట్టిన తేదీ కూడా 3కు బదులు 8 అని ఉంది గానీ, దాన్ని ఎవరూ పట్టించుకోరని కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. ఇవాళ ఆగస్టు 6, తరగతులు 18న మొదలు. ఆలస్యమైతే సీటు పోతుందంటున్నారు. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి బ్యాంకు రుణం తీసుకున్నాం, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధికీ దరఖాస్తు చేశాం. అమ్మాయి వెళ్ళిన నెలకే పార్ట్‌టైం చేసుకుంటూ వాయిదాలు కడుతుందని ఆశ. ఎలాగోలా ఇప్పుడే పంపాలా, జనవరికి మార్చుకోవాలా, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పినట్టు బ్రిటన్‌కు మారితే మేలా?

సమాధానం: అయ్యా, మీరు భయపడుతున్న ఎఫ్‌ఎన్‌యూ తప్పే కాదు. మీరు తేలిగ్గా రాసి వదిలేసిన పుట్టిన తేదీయే అసలైన తప్పు.

మన పిల్లల పదో తరగతి మెమోలో ఇంటిపేరు, సొంత పేరు ఒకే వరుసలో ఉంటాయి. పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు చాలా ఇళ్ళలో ఆ వరుసనంతా ‘గివెన్ నేమ్’ గడిలో నింపి, ‘సర్‌నేమ్’ గడిని ఖాళీగా వదిలేస్తారు. అమెరికా వీసాలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడానికి వీల్లేదు కనుక ఉన్న పేరంతటినీ అక్కడికి చేర్చి, సొంత పేరు గడిలో ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’ అనే అర్థంలో ఆ మూడక్షరాలు ముద్రిస్తారు. మన జిల్లాల నుంచి ఇలాంటి వీసాతో వెళ్ళి చదువుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు. దీన్ని సరిచేద్దామని ఇప్పుడు పాస్‌పోర్ట్ మార్పించే పని పెట్టుకోకండి. పాస్‌పోర్ట్‌లో పేరు మారితే వీసా, ఐ-20 (విద్యార్థిని చేర్చుకుంటున్నట్టు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) రెండూ దానితో సరిపోకుండా పోయి, లేని చిక్కు కొత్తగా వస్తుంది. ఇంటర్ చదువుతున్న పిల్లలున్న తల్లిదండ్రులు మాత్రం ఇది చదివినప్పుడే, విదేశాల ఆలోచన మొదలుకాకముందే, ఇంటిపేరు గడి సక్రమంగా ఉండేలా పాస్‌పోర్ట్ రీఇష్యూ చేయించుకోవడం మంచిది. వరంగల్ హెడ్ పోస్టాఫీసులోని కేంద్రంలో గానీ, కరీంనగర్, నిజామాబాద్ సేవా కేంద్రాల్లో గానీ ఆ పని జరుగుతుంది.

పుట్టిన తేదీ సంగతి అలా కాదు. పాస్‌పోర్ట్‌లో ఒక తేదీ, దానికి అంటించిన వీసాలో మరొక తేదీ ఉంటే, విమానమెక్కే ముందు కౌంటర్ దగ్గరే ఆపేయవచ్చు, లేదా ఇరవై గంటలు ప్రయాణం చేసి దిగిన తర్వాత అక్కడి అధికారి పక్క గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించవచ్చు. ఇరవై రెండేళ్ళ పిల్లను, తాను చేయని తప్పుకు సంజాయిషీ చెప్పుకునే స్థితిలోకి తెలిసి తెలిసి పంపకూడదు. కాబట్టి ఇవాళే డీఎస్-160 (వీసా దరఖాస్తు) కన్ఫర్మేషన్ పేజీ తీసి చూడండి. బార్‌కోడ్ ఉన్న ఆ కాగితం మీద పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా ఉంటుంది. అక్కడ 3 అని ఉండి వీసాలో 8 పడితే అది ముద్రణలో జరిగిన పొరపాటు. అక్కడే 8 అని ఉంటే, దరఖాస్తు నింపినవారు చేసిన పొరపాటు. ఏదైనా సరే, వీసా అపాయింట్‌మెంట్ తీసుకున్న ఖాతా నుంచి అదే రోజు సహాయ విభాగానికి రాసి, పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా పేజీ, కన్ఫర్మేషన్ పేజీ మూడూ జతచేసి, తరగతులు మొదలయ్యే తేదీని స్పష్టంగా చెప్పి, పాస్‌పోర్ట్‌ను ఎక్కడ అప్పగించాలో అడగాలి. హైదరాబాద్ కాన్సులేట్ నానక్‌రాంగూడలో ఉంది కదా అని నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడితే ప్రయోజనం ఉండదు. వాళ్ళు చెప్పిన పద్ధతిలో చెప్పిన చోటనే పాస్‌పోర్ట్ ఇవ్వాలి.

ఆ ఖాతాకు ఏ ఈ-మెయిల్ ఇచ్చారో చూశారా? రెండేళ్ళ కిందట హుస్నాబాద్ వైపు నుంచి ఒక అబ్బాయి హనుమకొండలో నా గదికి వచ్చాడు. వీసా ఖాతాలోనూ, విశ్వవిద్యాలయం దరఖాస్తులోనూ ఉన్న ఈ-మెయిల్ అతనిది కాదు, కన్సల్టెన్సీ వాళ్ళు సొంతంగా తెరిచినది. ఫోన్ చేసి, గట్టిగా అడిగి, పాస్‌వర్డ్ తెప్పించి నా ముందే తెరిస్తే, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం పన్నెండు రోజులుగా ఎవరూ చదవకుండా పడి ఉంది. ఆలస్యంగా వస్తావా, వచ్చే సెమిస్టర్‌కు మారుతావా, వారంలోగా చెప్పమని అందులో అడిగారు. జవాబు ఇవ్వవలసిన గడువు అప్పటికే దాటిపోయింది. ఆ పిల్లవాడు కుర్చీలో కదలకుండా కూర్చుని, ఆ తేదీనే మళ్ళీ మళ్ళీ చూశాడు. వీసాలో ఏ తప్పూ లేని కేసు అది.

ఆలస్యమైతే సీటు పోతుందన్న మాటలో నిజం సగమే. ఐ-20 మీద ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ ఒకటి ఉంటుంది. అది దాటాక విశ్వవిద్యాలయం అనుమతి ఏదీ లేకుండా పాత కాగితంతో దిగిన విద్యార్థిని ఇమిగ్రేషన్ అధికారి వెనక్కి పంపగలరు. అదే విద్యార్థి ముందుగానే డీఎస్‌ఓకు, అంటే విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల రికార్డు చూసే అధికారికి, ఉన్న విషయం ఉన్నట్టు రాసి, ఫలానా తేదీ వరకు రావచ్చని లేఖ గానీ, తేదీ మార్చిన ఐ-20 గానీ తెచ్చుకుంటే ఆలస్యం నేరం కాదు. ప్రోగ్రామ్ తేదీ నుంచి 30 రోజుల లోపు విద్యార్థి చేరినట్టు డీఎస్‌ఓ సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ రికార్డులో, నమోదు చేయాలి. ఆ ముప్పై రోజులనూ వాడుకోవచ్చని మాత్రం అనుకోకండి. కోర్సుల్లో పేరు చేర్చుకునే గడువు చాలా చోట్ల మొదటి వారంలోనో రెండో వారంలోనో ముగుస్తుంది. ఎంఎస్ విద్యార్థి మామూలుగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు తీసుకోవాలి, అందులో ఆన్‌లైన్ తరగతి ఒక్కటి మాత్రమే లెక్కకు వస్తుంది. కనుక ఇంటి దగ్గరి నుంచే ఆన్‌లైన్‌లో నెట్టుకొస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అమ్మాయి డీఎస్‌ఓను అడగవలసినవి రెండే: ఎన్నో తేదీలోపు వస్తే చేర్చుకుంటారు, ఆ తేదీకి రాలేకపోతే సెవిస్ నంబర్ మారకుండా జనవరికి తేదీ జరపగలరా. నంబర్ అదే ఉంటే సరిదిద్దిన వీసాతో, కొత్త తేదీలున్న ఐ-20తో వెళ్ళవచ్చు. అయితే కొత్త తేదీకి 30 రోజుల కంటే ముందు ఆ దేశంలోకి రానివ్వరు. ఈ ఉత్తరం ఆగస్టు 18 దాటకముందే వెళ్ళాలి. ఆ తేదీ తర్వాత అడిగేవారి పని కష్టమవుతుంది.

మీరు ఉత్తరంలో రాయని భయం ఒకటుంది, అదీ నాకు తెలుసు. బంధువులందరికీ చెప్పేశారు, టికెట్ తేదీ కూడా చెప్పి ఉంటారు, ఇప్పుడు అమ్మాయి ఇంట్లోనే ఉంటే ఏమంటారోనన్న బెంగ. అయిదు నెలల తర్వాత ఆ మాటలు ఎవరికీ గుర్తుండవు. 2025 వేసవిలో మే 27 నుంచి జూన్ 18 వరకు అమెరికా కాన్సులేట్లు విద్యార్థులకు కొత్త వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేశాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా ఖాతాల పరిశీలనను జోడించాయి. ఆ ఏడు నా దగ్గరికి వచ్చినవారిలో ఒకబ్బాయికి ఇంటర్వ్యూలో 221(జీ) స్లిప్ ఇచ్చారు. అది అదనపు పరిశీలనకు పెట్టారని చెప్పే కాగితం, తుది తిరస్కరణ కాదు. కానీ వెబ్‌సైట్‌లో స్థితి చూస్తే ‘రిఫ్యూజ్డ్’ అని కనిపిస్తుంది, పరిశీలనలో ఉన్న కేసులకూ అదే మాట చూపిస్తారు. ఆ మాట చూసి వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తరగతులు మొదలైన తర్వాత వీసా వచ్చింది, డీఎస్‌ఓ తేదీ జరిపారు, అబ్బాయి జనవరిలో చేరాడు. మీ అమ్మాయికి వీసా చేతిలో ఉంది. సరిచేయవలసింది ఒక అంకె.

ఇక ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు, మన్నించండి. మీ పూర్తి ఉత్తరంలో కన్సల్టెన్సీ వాళ్ళు ఏమన్నారో ప్రతి పేరాలోనూ ఉంది, అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యంలోనూ లేదు. చదవబోయేది ఆమె, సంతకం ఆమెది, తప్పు దొరికితే జవాబు చెప్పుకోవలసిందీ ఆమే. పైగా వెళ్ళిన నెలకే పార్ట్‌టైం చేసి వాయిదాలు కడుతుందని రాశారు. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మాత్రమే పనిచేయవచ్చు, ఆ పని కూడా అందరికీ దొరకదు. బయట పెట్రోలు బంకులోనో, హోటల్లోనో చేసే పని చట్టవిరుద్ధం, పట్టుబడితే చదువు, వీసా రెండూ పోతాయి. ఆమె చేయకూడని పని మీద మీ ఇంటి తాకట్టు విడుదలను ఆధారపెట్టుకున్నారు. అందుకే పది రోజుల ఆలస్యం మీకు అంత భారంగా తోస్తోంది. ఈ లెక్క మార్చుకోనంత వరకు ఏ దేశానికి పంపినా మీకు నిద్ర పట్టదు.

అమెరికాలో ఎంఎస్ అనే దారి మీదనే నాకు కొన్నేళ్ళుగా సందేహాలు పెరుగుతున్నాయి. హనుమకొండలో నక్కలగుట్ట నుంచి సుబేదారి వరకు నడిస్తే ఎన్ని కన్సల్టెన్సీ బోర్డులు కనిపిస్తాయో మీకూ తెలుసు. బీటెక్ చివరి సంవత్సరంలో ఏం చదవాలనుకుంటున్నావని అడిగితే, సబ్జెక్టు పేరు చెప్పకుండా దేశం పేరు చెప్పే పిల్లలు ఏటా ఎక్కువవుతున్నారు. 2019 జనవరిలో మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం నిజమైనది కాదని, ఇమిగ్రేషన్ విభాగమే వల పన్నడానికి సృష్టించిందని బయటపడింది. అప్పుడు నిర్బంధించిన విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో మన తెలుగు పిల్లలు ఎక్కువ. తరగతులు ఉన్నాయో లేవో చూడకుండా, ఐ-20 వస్తే చాలనుకునే అలవాటు వాళ్ళను అక్కడికి చేర్చింది. మీ అమ్మాయి చేరబోయే చోటు అలాంటిదని నేననడం లేదు. కోర్సులో ఏయే పేపర్లున్నాయో, ఎవరు చెబుతారో ఆమె మీకు చెప్పగలిగితే, ఈ సందేహం మీ ఇంటికి వర్తించదు. చెప్పలేకపోతే, ఈ ఆలస్యాన్ని ఆ పనికి వాడుకోండి.

మీరడిగిన పోలికకు వస్తాను. జనవరిలో చేరితే నష్టం లేదని అబద్ధం చెప్పను. కొన్ని కోర్సులు ఆగస్టులోనే మొదలవుతాయి. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకనే సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) కింద ఇంటర్న్‌షిప్ చేయవచ్చు కనుక, జనవరిలో చేరినవారికి మొదటి వేసవి ఇంటర్న్‌షిప్ దొరకదు. ఆగస్టులో చేరినవారికి దొరుకుతుంది. ఇది నిజమైన తేడా, కానీ చదువును చెడగొట్టేంత తేడా కాదు.

బ్రిటన్‌కు మారడం కొత్త సంసారం పెట్టడంలాంటిది. కొత్త సీటు, సీఏఎస్ నంబర్ (సీటు ఖాయమైనట్టు అక్కడి విశ్వవిద్యాలయం ఇచ్చేది), క్షయ పరీక్ష, ఖాతాలో 28 రోజుల పాటు తగ్గకుండా నిలిపిన డబ్బు, ఇవన్నీ మళ్ళీ మొదటి నుంచి. మీ బ్యాంకు మంజూరు చేసింది ఈ విశ్వవిద్యాలయానికి, ఈ కోర్సుకు. చోటు మారితే రుణం కాగితాలూ మళ్ళీ నడవాలి. అక్కడి ఎంఎస్సీ ఏడాదే, నిజమే. చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువును 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి రెండేళ్ళ నుంచి 18 నెలలకు తగ్గించారు, మీ అమ్మాయికి ఆ 18 నెలలే వర్తిస్తాయి. బ్రిటన్‌ను మొదటి నుంచీ కోరుకున్న పిల్లలకు అది మంచి దారే. ఒక అంకె తప్పుపడిందని దేశం మార్చడాన్ని నేను ఒప్పుకోను.

నా సలహా ఇది: వీసా సరిచేయించండి, డీఎస్‌ఓ ఇచ్చిన తేదీలోపు పాస్‌పోర్ట్ వస్తే ఆ లేఖతో ఇప్పుడే పంపండి, రాకపోతే జనవరి. టికెట్ తేదీ మార్చుకునే వీలు ఇవాళే కనుక్కోండి. పాస్‌పోర్ట్ తిరిగి చేతికొచ్చినప్పుడు దాన్ని అమ్మాయి చేత, స్కేలు పెట్టి, ఒక్కొక్క గడీ పైకి చదివించండి: పాస్‌పోర్ట్ నంబర్, పుట్టిన తేదీ, వీసా గడువు, కింది భాగంలో ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబర్, విశ్వవిద్యాలయం పేరు. ప్రతి గడినీ మీరు ఐ-20తో, పాస్‌పోర్ట్‌తో పోల్చి చూడండి. అక్కడ దిగిన వెంటనే ఐ-94 రికార్డును (దేశంలోకి వచ్చినట్టు చేసే నమోదు) ఆన్‌లైన్‌లో తీసి, పేరు, పుట్టిన తేదీ, ఎఫ్-1 అన్న వీసా రకం సరిగా ఉన్నాయో లేదో ఆమె చూసుకోవాలి. తప్పుంటే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంలో సరిచేస్తారు. విద్యానిధి మొదటి విడతకు ల్యాండింగ్ పర్మిట్ గానీ ఐ-94 గానీ అడుగుతారు కనుక, అందులో తేదీ తేడా వస్తే ఇక్కడ మీ డబ్బూ ఆగుతుంది.

టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి ఉదయం తొమ్మిదంటే ఇప్పుడు మనకు సాయంత్రం ఏడున్నర. ఇవాళ ఏడున్నరకు డీఎస్‌ఓ కార్యాలయానికి అమ్మాయే ఫోన్ చేయాలి, మీరు పక్కన కూర్చోండి చాలు. అదే విషయం రాతపూర్వకంగా తన సొంత ఈ-మెయిల్ నుంచి రాత్రికే పంపాలి.