పోర్టులో సోలార్ ప్లాంటు ఉన్నా ఓడలు డీజిల్ జనరేటర్లు ఎందుకు ఆపవు?

ఎందుకంటే ఆపమని ఇక్కడ ఎవరూ గట్టిగా అడగలేదు కాబట్టి, అంతే. నేను కంటైనర్ షిప్పుల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా చేశాను (చుట్టాల లెక్కలో "షిప్పులో కరెంటు పని"), అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయా.

విశాఖ పోర్టుకి 10 మెగావాట్ల సోలార్ ఉంది కదా, ఓడలకి అది ఇచ్చేస్తే పోలా అని అడిగారు. ఆ 10 అనేది మిట్టమధ్యాహ్నం లెక్క సార్, రాత్రీ పగలూ కలిపి సరాసరి తీస్తే రెండు వస్తే గొప్ప. రొయ్యల్లాంటివి వెళ్లే రీఫర్ కంటైనర్లు (ఫ్రిజ్ పెట్టెలు) బాగా ఎక్కించుకున్న ఒక్క పెద్ద ఓడ చాలు ఆ రెండూ మింగెయ్యడానికి, ఇంక పెద్ద క్రూయిజ్ షిప్ వస్తే చెప్పక్కర్లేదు. అంటే సోలార్ దండగ అని కాదు, గ్రిడ్‌కి ఇవ్వండి, మంచిదే. ప్యానెళ్ల ముందు నిలబడి ఫొటో దిగితే ఓడ జనరేటర్ ఆగదు అంటున్నా, ఓడకి కావాల్సింది బెర్తు దగ్గర, అంటే ఓడని కట్టే చోట, ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చే ప్లగ్గు.

ఆ ప్లగ్గు కథ నేను లాస్ ఏంజెలెస్‌లో చూశా. అక్కడ 2004 నుంచే కంటైనర్ షిప్పులకి ఒడ్డు కరెంటు ఇస్తున్నారు, 2014 నుంచి కాలిఫోర్నియా రూలే వచ్చేసింది. ఓడని ఒడ్డుకి కట్టిన కాసేపటికి మా కేబుల్ రీలు తిప్పి చెయ్యంత లావు కేబుళ్లు కిందకి దించాం, ఒడ్డు మీద ఎలక్ట్రీషియన్ నేలలో ఉన్న బాక్సు మూత లేపి ప్లగ్గులు బిగించాడు. 6,600 వోల్టులు, తమాషా కాదు. ఎర్తింగ్ చూడాలి, ఫేజులు వరసలో ఉన్నాయా చూడాలి, సేఫ్టీ వైర్ల సర్క్యూట్ కలవకపోతే బ్రేకర్ అసలు పడదు. ఆ తర్వాత కంట్రోల్ రూమ్‌లో సింక్రోస్కోప్ (రెండు కరెంట్లూ ఒకే లయలో ఉన్నాయా చూపించే మీటరు) ముల్లు మెల్లగా తిరిగి పైకి వస్తుంటే సరిగ్గా ఆ టైముకి బ్రేకర్ వేసి, లోడు కొంచెం కొంచెంగా ఒడ్డు వైపుకి నెట్టి, మా జనరేటర్‌ని కాసేపు ఖాళీగా తిప్పి ఆపేశాం. చెవులకి మఫ్ లేకుండా ఇంజన్ రూమ్‌లో నిలబడటం అప్పుడే కుదురుతుంది. మా ఫిట్టర్ శ్రీకాకుళం ఆయన, ఒక్కసారిగా చెయ్యెత్తి "సార్, ఎక్కడో గాలి పోతంది, ఇనబడతందా?" అన్నాడు. విని వెతికితే ఇంజన్ స్టార్ట్ చేసే గాలి పైపు మీద ఒక వాల్వు గ్లాండ్ (వాల్వు కాడ చుట్టూ ఉండే సీలు) దగ్గర లీకు! కంప్రెసర్ మాటిమాటికీ ఎందుకు స్టార్ట్ అవుతోందా అని అందరం జుట్టు పీక్కుంటున్నాం, ఆ మోతలో లీకు ఎవరికి వినపడుతుంది.

ఆయిల్ సంగతి కూడా చెప్తా. ఒక మెగావాటు రోజంతా తియ్యాలంటే ఓడ జనరేటర్ సుమారు 5 టన్నుల ఆయిల్ తాగుతుంది. అది సముద్రంలో కాదు, విశాఖ ఇన్నర్ హార్బర్ లాంటి చోట, పక్కనే వన్ టౌన్ పెట్టుకుని. "ఒడ్డు కరెంటు మాత్రం పరవాడ సింహాద్రి థర్మల్ ప్లాంటు బొగ్గుది కాదా" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, నాకు తెలుసు. కొంత అదే. కానీ పరవాడలో ఎత్తు చిమ్నీ ఉంది, బూడిద పట్టే ఫిల్టర్లున్నాయి, ఓడ జనరేటర్ పొగకి అవేం లేవు. పైగా గ్రిడ్‌లో సోలారూ గాలీ పెరిగే కొద్దీ ఆ ప్లగ్గు దానంతటదే శుభ్రపడుతుంది, ఓడలో డీజిల్ ఇంజన్ అలా మారదు కదా.

మరి మన దగ్గర కష్టం ఎక్కడంటే, ఓడల్లో ఎక్కువ భాగం 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క), మన గ్రిడ్ 50. అమెరికాలో గ్రిడ్ కూడా 60 కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌తో పనైపోతుంది, ఇక్కడ మధ్యలో ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ పెట్టాలి, అది ఖరీదు. కానీ ఇది సాకు అంటాను నేను, యూరప్ గ్రిడ్ కూడా 50యే, అక్కడ కన్వర్టర్ పెట్టి మరీ ఇస్తున్న పోర్టులున్నాయి. ఒడ్డు కరెంటు కొత్తదీ కాదు, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ 2000లోనే సరుకు ఓడలకి హై వోల్టేజీ ఇచ్చింది.

అసలు చిక్కు డబ్బుది. ఓడలో కేబుల్ రీలు, ప్యానెలు పెట్టించాల్సింది ఓనరు. టైమ్ చార్టర్‌లో, అంటే ఓడని కొంతకాలానికి అద్దెకిస్తే, ఆయిల్ బిల్లు కట్టేది చార్టరర్, అద్దెకి తీసుకున్నవాడు. ఆదా ఇంకొకడికి పోతుంటే ఓనరు జేబులో చెయ్యి ఎందుకు పెడతాడండీ? పోర్టేమో ఓడలు రెడీ అయితే ప్లగ్గు పెడతాం అంటుంది, ఓడ వాడు ప్లగ్గు పెడితే చూద్దాం అంటాడు. ఈ ముడి రూలు పెడితేనే విడుతుంది, బతిమాలితే విడదు. యూరప్ వాళ్లు 2030 నుంచి పెద్ద పోర్టుల్లో కంటైనర్, ప్యాసింజర్ ఓడలకి తప్పనిసరి చేశారు. మనకి 2023లో హరిత్ సాగర్ అని పచ్చని పోర్టుల గైడ్‌లైన్స్ వచ్చాయి, గైడ్‌లైన్స్ అంటే మనకి తెలిసిందే. టగ్గులకి, చిన్న లాంచీలకి ఇస్తున్నారు, అది మంచి మొదలే, కానీ పెద్ద ఓడ సంగతి వేరు.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, రేపు విశాఖలో పెద్ద ఓడలకి ప్లగ్గు వచ్చిందే అనుకోండి, అప్పుడు కూడా చిమ్నీలోంచి సన్నగా పొగ కనిపిస్తుంది. మోసం మోసం అని వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పకండి, అది బాయిలర్. చిక్కటి ఆయిల్ గడ్డకట్టకుండా వేడిగా ఉంచాలి కాబట్టి దాన్ని పోర్టులో కూడా నడుపుతారు, ఒడ్డు కరెంటు వచ్చినా అది ఆగదు.