సైలెన్సర్ మార్చే ముందు ఒక్కసారి చదువు
జయపురం

ఒరే అల్లుడూ,

నీ మెసేజీ చూశాను. నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి కొత్త సైలెన్సర్ వేయించి, రాయగడ నుంచి కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా చిత్రకోట్ జలపాతం దాకా వెళ్తానన్నావు. వెళ్లు, నేనేం అడ్డు చెప్పను. సైలెన్సర్ విషయంలో మాత్రం షాపువాడి మాట కన్నా ముందు నా మాట విను.

షాపులో కుర్రాడు బండి స్టాండు మీద ఉండగానే రెండుసార్లు రేజ్ చేసి వినిపిస్తాడు. ఆ డుగుడుగుకి ఎవడైనా పడిపోతాడు. కానీ నువ్వు గంటల తరబడి వినబోయేది ఆ శబ్దం కాదు. టాప్ గేర్లో, ఒకే స్పీడులో, యాక్సిలరేటర్ కదపకుండా వెళ్తున్నప్పుడు వచ్చేది. నీది సింగిల్ సిలిండర్. ఇంజన్లో తిరిగే ఇరుసు, అదే క్రాంకు, రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది, అంటే 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర సెకనుకు 30 దెబ్బలు. ఆ దెబ్బల నుంచి పుట్టే శబ్దానికి పైపు పొడవు, డబ్బా సైజు ఎక్కడ తోడైతే అక్కడ హోరు మొదలవుతుంది. స్పీడు కాస్త పెంచినా పోతుంది, తగ్గించినా పోతుంది. ఖర్మకాలి నీకు హాయిగా ఉండే స్పీడే దానికీ నచ్చిందనుకో, చిత్రకోట్ దాకా నీ బుర్రలోనే కూర్చుంటుంది. గాలి ఈలని ఇయర్ ప్లగ్గులు బాగానే ఆపుతాయి, ఈ బొంగురు మోత మీద వాటి పప్పులు అంతగా ఉడకవు.

అందుకని అదే మోడల్ వేయించినవాడి బండి ఒకటి అడిగి తీసుకుని, లక్ష్మీపూర్ దాకా వెళ్లిరా. నీ బండికి ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ లేదు కదా, స్పీడోమీటర్ చూస్తూ 60, 70, 80 దగ్గర కాసేపు నిలకడగా నడుపు. దిగాక చెవుల్లో గుయ్‌మంటుంటే ఆ సైలెన్సర్ సంగతే మర్చిపో. వంద స్పీడులో హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాటుతుంది. చెవికి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు అంటారు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమైపోతుంది: 88కి నాలుగు గంటలు, 91కి రెండే. దాని మీద సైలెన్సర్ మోత కూడా ఎందుకురా?

ఇక లోపలి సంగతి. కంపెనీ సైలెన్సర్లో గదులుంటాయి, పొగ అటూ ఇటూ తిరిగి శబ్దం చచ్చి బయటికొస్తుంది. బయట అమ్మేవాటిలో చాలావరకు చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ ఊల్, అంటే గాజు పోగుల దూది. కొత్తలో బాగుంటుంది. ఊల్ కాలిపోయి, కొంచెం కొంచెం ఎగిరిపోయే కొద్దీ మోత పెరుగుతుంది. మూతి దగ్గర బూడిదరంగు పోగులు కనిపిస్తే ఊల్ అయిపోతోందని అర్థం. చేత్తో ముట్టుకోకు, దురద పట్టుకుంటుంది. ఊల్ ఎలాగూ అయిపోయేదే కాబట్టి, విప్పి మళ్లీ ఊల్ చుట్టడానికి వీలుగా రివిట్లో బోల్టులో ఉన్నది చూసుకో. మొత్తం వెల్డింగ్ చేసేసినది వద్దు. డీబీ కిల్లర్, అంటే మోత తగ్గించడానికి మూతిలో పెట్టే చిన్న గొట్టం, ఉన్నదే కొను. దాన్ని పట్టి ఉంచేది చాలాసార్లు ఒక్క స్క్రూ, అది వదులైతే టకటకమంటుంది, ఘాట్‌లో జారి పడిపోయినా తెలీదు. స్క్రూకి థ్రెడ్ లాక్ (వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) రాయించు. "తీసేస్తే సౌండు బావుంటుంది బాబూ" అని మెకానిక్ అంటాడు, వాడు నీతో జగదల్‌పూర్ రాడు కదా.

ఇంజను నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండు పైపు జోలికి పోకు. నీది బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరూ ఆక్సిజన్ సెన్సారూ ముందు భాగంలోనే ఉంటాయి. వెనక డబ్బా ఒక్కటే మారిస్తే ఇంజన్ని నడిపించే కంప్యూటర్, అదే ఈసీయూతో పెద్దగా తంటా ఉండదు. పవరు పెరుగుతుందన్న కబుర్లు నమ్మకు, పెరిగినా నీకు తెలిసేంత పెరగదు. బరువు తగ్గుతుంది, అదొక్కటే నిజమైన లాభం.

పొట్టి సైలెన్సర్ మాత్రం వద్దు. ఎందుకంటే, పొగ మూతి సరిగ్గా కుడివైపు బ్యాగు కిందకొస్తుంది. బ్యాగు కరిగిపోతుంది, వెనక కూర్చున్నవాళ్ల కాలు కాలుతుంది. బ్యాగు నిండా సామాను పెట్టి, ఇద్దరూ ఎక్కి కూర్చుని, మధ్యలో ఎంత సందు ఉందో చూసుకో.

చట్టం ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా ఒకటే. 175 సీసీ దాటిన బైకు తయారయ్యేటప్పుడే దాని మోతకి 80 డెసిబెల్స్ హద్దు. మోత చేసేది బిగించి రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద కూడా దెబ్బ. విశాఖలో పోలీసులు సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియో నాకు పంపింది నువ్వే.

బిగించాక జాయింటు దగ్గర నల్లటి మసి కనిపించినా, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమన్నా జాయింటు సందు మూసే గాస్కెట్ చూడమను. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు సబ్బు నీళ్లు చల్లి స్టార్ట్ చేస్తే, లీకున్న చోట బుడగలొస్తాయి. పని బయల్దేరే ముందురోజు పెట్టుకోకు. కనీసం వారం ముందే వేయించి, ఊళ్లో తిరిగి, వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించు. కంపెనీ సైలెన్సర్ని మాత్రం పాత ఇనుముకి అమ్మేయకు. గోనెసంచిలో చుట్టి దాచమని మీ అమ్మకి చెప్పు.

ఏ రోజు వస్తున్నావో ముందే ఫోన్ చెయ్యి.

మావయ్య